మెగా టెస్ట్ రివ్యూ: ప్రశ్నలకు ఫుల్ మార్కులు, ఐక్యూ పట్టికకు సగమే

తీర్పు ముందే చెప్పేస్తాం. రొనాల్డ్ హోఫ్లిన్ తయారుచేసిన ఐక్యూ పరీక్ష మెగా టెస్ట్‌లో ప్రశ్నలు చాలావరకు అద్భుతం. ఆ ప్రశ్నలకు వచ్చిన మార్కులను ఐక్యూగా మార్చి చూపే పట్టిక మాత్రం కింది భాగంలో పర్వాలేదు, మధ్యలో జాగ్రత్తగా వాడుకోవాలి, పైభాగంలో దాదాపు ఊహే. ఈ పరీక్ష పేరు విన్నవాళ్లలో ఎక్కువమంది ఆ పైభాగం కోసమే వింటారు కాబట్టి ఈ రివ్యూలో ఎక్కువ చోటు దానికే.

1985 ఏప్రిల్‌లో అమెరికాలోని ఆమ్ని పత్రికలో ఇది అచ్చయింది. మొత్తం 48 ప్రశ్నలు. మొదటి 24 మాటల మధ్య పోలికలు, మిగతా 24 ఆకారాలు, అంకెలు. టైం లిమిట్ లేదు, ఎదురుగా ఇన్విజిలేటర్ ఉండడు. డిక్షనరీ, రిఫరెన్స్ పుస్తకాలు చూడొచ్చు గానీ మరొకరి సాయం తీసుకోకూడదు. ఆప్షన్లు ఇవ్వరు, జవాబు మనమే రాయాలి. అందుకని గాల్లో రాయి వేస్తే తగిలే అవకాశం తక్కువ. ఒక్కో సరైన జవాబుకు ఒక మార్కు, నెగటివ్ మార్కులు లేవు. దాదాపు 4,000 మంది జవాబులు పంపారు. 36 మార్కులు వస్తే సగటు కంటే 4 ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, స్కోర్లు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉంటాయో చెప్పే కొలత) పైన, అంటే సుమారు 30,000 మందిలో ఒకరు. 43 వస్తే 4.75 ఎస్‌డీ పైన, అంటే పది లక్షల మందిలో ఒకరు అని లెక్కగట్టారు. ఐక్యూ ఎక్కువున్నవాళ్ల సంఘాల్లో మొదటిది ప్రొమీథియస్ సొసైటీకి, రెండోది మెగా సొసైటీకి గడప.

ప్రశ్నల నాణ్యత తెలియాలంటే హోఫ్లిన్ తరహా ప్రశ్న ఒకటి దగ్గర్నుంచి చూడాలి. పెట్టెలో 10 గోళీలున్నాయి. ఒక్కో గోళీ తెల్లదా నల్లదా అన్నది నాణెం ఎగరేసి నిర్ణయించారు. మీరు చూడకుండా ఒక గోళీ తీసి, రంగు చూసి, మళ్లీ పెట్టెలో వేస్తారు. ఇలా పదిసార్లు తీస్తే పదిసార్లూ తెల్లదే వచ్చింది. పెట్టెలో అన్నీ తెల్లవే అయ్యే అవకాశం ఎంత శాతం? తొందరపడితే సగానికి పైనే అనిపిస్తుంది. లెక్క వేరేగా తేలుతుంది. నాణెం ఎగరేసినప్పుడు పదీ తెల్లవి కావడం 1,024 లో ఒక్కసారి. తొమ్మిది తెల్లవి కావడానికి పది దారులు, ఎనిమిది కావడానికి 45 దారులు. ఒక్కో దారిని, ఆ పెట్టెలోంచి పదిసార్లూ తెల్లదే వచ్చే సంభావ్యతతో గుణించండి. పదీ తెల్లవైతే బరువు 1, తొమ్మిదికి 3.49, ఎనిమిదికి 4.83, ఏడుకు 3.39, ఆరుకు 1.27, మిగతావన్నీ కలిపి 0.27. మొత్తం 14.25. ఒకటిని దాంతో భాగిస్తే 7 శాతం. అన్నిటికంటే ఎక్కువ అవకాశం ఉన్నది ఎనిమిది తెల్లవి, రెండు నల్లవి ఉన్న పెట్టెకే, సుమారు 34 శాతం. బయట చూసిన సాక్ష్యం గట్టిగానే కనిపించినా, మొదట్లోనే అరుదైన విషయం ఇంకా అరుదుగానే ఉండొచ్చని చెప్పే ప్రశ్న ఇది. ఐక్యూ పట్టిక తయారుచేసేవాళ్లు, చదివేవాళ్లు మరిచిపోయేది సరిగ్గా ఇదే సూత్రం. ఆ సంగతి కిందకు వెళ్లాక.

మాటల భాగానికి వస్తే కథ మారిపోతుంది. మొట్టమొదటి ప్రశ్నే చూడండి: పళ్లకు కోడిపెట్ట ఎలాగో గూటికి ఏది అలాగ? జవాబు ఆడగుర్రం. కోడికి పళ్లు, గుర్రానికి గూడు, రెండూ లేనివే. రెండూ ఇంగ్లీషు నానుడులే. ఆ నానుడులు చెవిన పడి పెరిగినవాడికి ఇది ఉత్తి వార్మప్ ప్రశ్న. తెలుగు మీడియంలో చదివి, లెక్కల్లో చిచ్చరపిడుగైనవాడికి డిక్షనరీ చేతిలో ఉన్నా దారి దొరకదు. ఏ పదం కింద వెతకాలో తెలిస్తే కదా! మొత్తం మార్కుల్లో సగం ఈ భాగానివే. హైదరాబాద్‌లోనో బే ఏరియాలోనో ఉన్న తెలుగువాళ్లు ఈ పరీక్ష రాస్తే రెండు సగాల మార్కులూ విడివిడిగా చూసుకోవాలి. ఆకారాల భాగంలో 18, మాటల్లో 7 వస్తే, మొత్తం 25 అన్న అంకెకు పట్టికలో దొరికే ఐక్యూ వాళ్లది కాదు.

ఇక పట్టిక ఎలా పుట్టిందో చూద్దాం. జవాబులు పంపినవాళ్లు గతంలో రాసిన వేరే పరీక్షల స్కోర్లు కూడా చెప్పారు: ఎస్‌ఏటీ, జీఆర్‌ఈ లాంటి అమెరికా ప్రవేశ పరీక్షలు, స్టాన్‌ఫర్డ్-బినె, కాటెల్ లాంటి ఐక్యూ పరీక్షలు. ఆ పాత స్కోర్లను వరుసలో పెట్టి, మెగా మార్కులనూ వరుసలో పెట్టి, ఈ వరుసలో ఫలానా స్థానం ఆ వరుసలో ఫలానా స్థానానికి సమానం అని జతకట్టారు. దీన్ని ర్యాంక్ ఈక్వేటింగ్ అంటారు. ఇంటర్ పిల్లలున్న ఇంట్లో ఎవరికైనా ఈ పద్ధతి పరిచయమే. జేఈఈ మెయిన్‌లో వేర్వేరు షిఫ్టుల మార్కులను పర్సంటైల్ ద్వారా ఒక గాటన కట్టేది కూడా ఇలాంటి తర్కంతోనే. తేడా ఏమిటంటే అక్కడ సెషన్‌కు పది లక్షలకు పైగా మంది రాస్తారు, అందరి మార్కులూ ఏజెన్సీ చేతిలోనే ఉంటాయి. ఇక్కడ పాత స్కోరు చెప్పినవాళ్లు రాసినవాళ్లలో ఒక భాగమే, అదీ వాళ్లు చెప్పిందే నమ్మాలి.

మొదటి చిక్కు స్కేళ్లది. వెక్స్‌లర్ ఐక్యూ పరీక్షల్లో ఎస్‌డీ 15, పాత స్టాన్‌ఫర్డ్-బినెలో 16, కాటెల్ వెర్బల్‌లో 24. సగటుకు రెండు ఎస్‌డీల పైన ఉన్న ఒకే మనిషికి వీటిలో వరుసగా 130, 132, 148 వస్తాయి. కాటెల్‌లో వచ్చిన 148 ని 15 స్కేలు మీద 148 అనుకుని పట్టికలో పడేస్తే, 44 మందిలో ఒకరు అయిన మనిషి 1,400 మందిలో ఒకరైపోతాడు. అందుకే ఎవరైనా ఐక్యూ అంకె చెప్తే మొదటి ప్రశ్న ఎస్‌డీ ఎంత అనే. చాలామంది రిపోర్టులో ఆ మాటే ఉండదు.

రెండో చిక్కు ఎవరు చెప్పారు, ఏది చెప్పారు అన్నది. నాలుగు పరీక్షలు రాసినవాడు ఎక్కువ వచ్చినదే చెప్తాడు. తక్కువ వచ్చినవాడు ఆ గడి ఖాళీగా వదిలేస్తాడు. ఇలా డేటా ఒకవైపే ఖాళీ అవుతుంది. పాత స్కోర్ల సగటు పైకి జరుగుతుంది, దాంతో మెగా మార్కు ఒక్కోదానికి దక్కే ఐక్యూ కూడా పెరుగుతుంది. దీనికి తోడు పాత పరీక్షలకు పైకప్పు ఉంటుంది. ఆ పైకప్పు తగిలినవాళ్లందరికీ ఒకే స్కోరు, నిజంగా వాళ్ల మధ్య ఎంత తేడా ఉన్నా. ఈ విషయంలో ఎస్‌ఏటీ ఒక్కటే కాస్త బలమైన ఆధారం. 1995 లో స్కేలు మార్చక ముందు, ఏటా సుమారు పది లక్షల మంది రాస్తే 1600 కి 1600 తెచ్చుకునేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. హోఫ్లిన్ పట్టికలో నమ్మదగ్గ భాగం ఏదైనా ఉందంటే దాని బలం అక్కణ్నుంచి వచ్చిందే. అయితే ఎస్‌ఏటీ రాసేది కాలేజీకి వెళ్లాలనుకునే పిల్లలు, మొత్తం జనాభా కాదు. ఆ సర్దుబాటు మళ్లీ ఇంకో అంచనా.

మూడోది, ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. ర్యాంక్ ఈక్వేటింగ్ వేరు, రిగ్రెషన్ (ఒక కొలతను బట్టి మరోదాన్ని సగటున అంచనా వేయడం) వేరు. ఉదాహరణకు మెగా మార్కులకు, పాత స్కోర్లకు మధ్య సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.5 అనుకోండి. మెగా మార్కుల్లో గుంపు సగటుకు 2 ఎస్‌డీల పైన ఉన్నవాడు పాత పరీక్షలో ఎక్కడ ఉంటాడని అడిగితే రిగ్రెషన్ 1 ఎస్‌డీ అంటుంది, ఈక్వేటింగ్ 2 ఎస్‌డీలు అంటుంది. రెండు పరీక్షలూ ఒకే దాన్ని, ఒకే స్థాయి కచ్చితత్వంతో కొలుస్తున్నాయన్న షరతు మీదే ఈక్వేటింగ్ చెల్లుతుంది. సహసంబంధం తక్కువగా ఉన్నకొద్దీ ఆ షరతు నీరుగారిపోతుంది. అయినా పట్టికలో అంకెలు అంతే ధీమాగా కనిపిస్తాయి, ఏ హెచ్చరికా లేకుండా.

దీనికి పరీక్ష సమర్థకులు ఇచ్చే జవాబు: రాసినవాళ్లంతా ముందే వడపోసిన తెలివైనవాళ్లు కాబట్టి సహసంబంధం తగ్గి కనిపిస్తుంది అని. నిజమే, దానికి దిద్దుబాటు సూత్రం కూడా ఉంది. గుంపులో ఎస్‌డీ 10, జనాభాలో 15 అయితే నిష్పత్తి 1.5. గుంపులో 0.40 గా కనిపించిన సహసంబంధం దిద్దితే 0.55 అవుతుంది. కానీ ఆ సూత్రానికి సంబంధం సరళరేఖగా ఉండాలి, చెదురు అంతటా ఒకేలా ఉండాలి. పైకప్పు తగిలిన స్కోర్లలో ఆ రెండూ ఉండవు. దిద్దుబాటు చేసిన అంకెను మాత్రమే చూపించి, చేయనిది దాచేవాళ్లను నమ్మకండి.

ఇప్పుడు పైభాగం. 30,000 లో ఒకరు అన్న గీతను నేరుగా కొలవాలంటే, ఆ గీతకు పైన కనీసం పదిమంది ఉండాలనుకుంటే, ఎవరినీ ఏరకుండా తీసిన 3 లక్షల మంది కావాలి. పది లక్షల్లో ఒకరికైతే కోటి మంది. ప్రపంచమంతా వాడే వెక్స్‌లర్ పెద్దల పరీక్ష నాలుగో ఎడిషన్‌కే అమెరికాలో తీసుకున్న శాంపిల్ 2,200 మంది. అందుకే అది 160 దగ్గర బుద్ధిగా ఆగిపోతుంది, అక్కడ కూడా అంకెను పొడిగింపుగానే చూడాలి. మెగా పట్టికలో పైమెట్లు కూడా కింది మెట్ల వాలును పట్టుకుని గీత పొడిగించగా వచ్చినవే. మీటరు బద్ద అయిపోయాక గోడ మీద కంటి అంచనాతో గీతలు పెట్టుకుంటూ పోయినట్టు.

దీని పర్యవసానం అందరికీ తెలిసిన ఉదాహరణలోనే చూడొచ్చు. అత్యధిక ఐక్యూ ఉన్న వ్యక్తిగా గిన్నిస్‌కెక్కిన మెరిలిన్ వాస్ సావంట్‌కు మెగా టెస్ట్‌లో 46 వచ్చింది. 16 ఎస్‌డీ స్కేలు మీద దాన్ని 186 గా లెక్కగట్టారు. అంటే 5.4 ఎస్‌డీల పైన. నార్మల్ వక్రరేఖ ప్రకారం అది దాదాపు 2.6 కోట్ల మందిలో ఒకరు. 4,000 మంది రాసిన పరీక్ష 2.6 కోట్లలో ఒకరిని ఎలా గుర్తించిందని అడగాల్సిన పని లేదు, గుర్తించలేదు. వక్రరేఖ సూత్రంలో అంకె వేస్తే వచ్చిన జవాబు అది. ఆమె ప్రతిభ గురించి కాదు ఈ మాట, పట్టిక గురించి. ఆమె పేరుతో తిరిగే మరో అంకె 228 సంగతి ఇంకా విచిత్రం. అది చిన్నప్పటి పరీక్షలో తేలిన మానసిక వయసును అసలు వయసుతో భాగించి వందతో గుణించగా వచ్చింది. భాగహారంతో వచ్చిన ఐక్యూను ఎస్‌డీల ఐక్యూ పక్కన పెట్టి పోల్చడానికే వీల్లేదు. గిన్నిస్ వాళ్లు 1990 లో అత్యధిక ఐక్యూ విభాగాన్నే ఎత్తేశారు.

పట్టిక నిజమే అనుకున్నా కొలతలో దోషం ఉండనే ఉంటుంది. మార్కుల ఎస్‌డీ 8, విశ్వసనీయత (మళ్లీ కొలిస్తే మార్కులు ఎంత నిలకడగా వస్తాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.92 అనుకుందాం. ప్రామాణిక దోషం అంటే 8 ని 0.08 వర్గమూలంతో గుణించినది, 2.26 మార్కులు. 43 వచ్చినవాడి నిజమైన స్థాయి 95 శాతం నమ్మకంతో 38.6 నుంచి 47.4 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 36 కు 43 కు మధ్య 7 మార్కులు, 12 ఐక్యూ పాయింట్లు. ఒక్కో మార్కు విలువ 1.7 పాయింట్లు. అంటే అటూ ఇటూ ఏడున్నర పాయింట్ల చెదురు. ఒక్క ప్రశ్నకు కీలో జవాబు వివాదాస్పదమైతే ఏమవుతుందో చూడండి: 43 మీద ఒక మార్కు కలిస్తే పది లక్షల్లో ఒకరు కాస్తా దాదాపు 17 లక్షల్లో ఒకరవుతాడు. ఏడు లక్షల మందిని ఒక్క పోలిక ప్రశ్న దాటించేస్తుంది!

గోళీల పెట్టె ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. అంత ఎత్తున నిజంగా ఉన్నవాళ్లు అతి తక్కువ, కొంచెం కింద ఉన్నవాళ్లు చాలా ఎక్కువ. కాబట్టి 4.75 ఎస్‌డీల మార్కు తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది కింద నుంచి అదృష్టం కలిసొచ్చి ఎక్కినవాళ్లే అవుతారు. విశ్వసనీయత 0.92 తో గుణిస్తే వాళ్ల నిజస్థాయి సగటు 4.37 ఎస్‌డీలు. అది పది లక్షల్లో ఒకరు కాదు, సుమారు 1.6 లక్షల్లో ఒకరు. సభ్యత్వ కార్డు మీద ఈ సవరణ ఎక్కడా కనిపించదు.

ఇలాంటి పరీక్షల డేటా చేతిలో ఉండి సొంతంగా విశ్లేషించాలనుకునేవాళ్లకు పని వరుస ఇలా ఉండాలి. ముందు ఒకే మనిషి రెండోసారి పంపిన జవాబులు తీసేయండి, మొదటిదే ఉంచండి. పాత స్కోర్లన్నీ ఎస్‌డీ యూనిట్లలోకి మార్చండి, ఎస్‌డీ తెలియనివి పారేయండి, పైకప్పు తగిలినవాటికి విడిగా గుర్తు పెట్టండి. తర్వాత ప్రశ్నవారీగా ఎంత శాతం మంది చేశారు, మిగతా మొత్తంతో సహసంబంధం ఎంత అన్నవి చూడండి. ఆ సహసంబంధం 0.2 కంటే తక్కువ వచ్చిన ప్రశ్నను కీతో మళ్లీ సరిచూసుకోండి, చాలాసార్లు తప్పు కీలోనే ఉంటుంది. గణాంకాలకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో సైక్, మిర్ట్ అనే ప్యాకేజీలు ఈ పనికి చాలు. కొన్ని వందల మంది డేటాకు మూడు పరామితుల మోడల్ (ప్రశ్న కష్టం, తేడా పట్టే శక్తి, ఊహించి కొట్టే అవకాశం అనే మూడింటినీ లెక్కించేది) జోలికి పోవద్దు. ఆప్షన్లు లేని ప్రశ్నలకు ఊహ పరామితి అసలే అవసరం లేదు. కష్టాన్ని మాత్రమే లెక్కించే రాష్ మోడల్ లేదా రెండు పరామితులది సరిపోతుంది. అతి కష్టమైన ప్రశ్నల దగ్గర మోడల్ ఇచ్చే అంకెను గుడ్డిగా తీసుకోకండి: 200 మందిలో ముగ్గురే చేసిన ప్రశ్నకు అసలు శాతం 0.3 నుంచి 4.3 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పై మెట్టు మొత్తం ఆ ముగ్గురి మీదే నిలబడి ఉంటుంది.

చివరగా తలల లెక్క వేయండి. దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. 1985 లో అమెరికా జనాభా సుమారు 23.8 కోట్లు. పది లక్షల్లో ఒకరంటే పసిపిల్లలతో కలిపి దేశం మొత్తం మీద 238 మంది. మీ పట్టిక ప్రకారం ఆ గీత దాటినవాళ్లు శాంపిల్‌లో 24 మంది తేలారనుకోండి, దేశంలోని అలాంటివాళ్లలో పదోవంతు మంది ఒక పత్రిక కొని, కూర్చుని, జవాబులు పోస్టు చేశారని మీరు చెప్తున్నట్టు లెక్క. అది మీకే నమ్మశక్యంగా లేకపోతే గీతను కిందికి దించాల్సిందే.

అతి ఎక్కువ ఐక్యూలు కొలుస్తామంటూ నెట్‌లో ఇప్పుడు అమ్ముతున్న హై రేంజ్ పరీక్షల ముందు మెగా టెస్ట్ ఎంతో నయం. వాటిలో చాలావాటికి 30, 40 మంది డేటాతో 190 దాకా పట్టిక ఉంటుంది. 30 మందితో 0.6 సహసంబంధం అని గర్వంగా రాసుకుంటారు. దాని 95 శాతం హద్దులు 0.31 నుంచి 0.79. ఫీజు కట్టేముందు మూడు అడగండి: ఎంతమంది రాశారు, విశ్వసనీయత ఎంత, పాత స్కోర్లు చెప్పినవాళ్లు ఎందరు. మూడింటికీ అంకెల్లో జవాబు రాకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

మెగా టెస్ట్‌ను ఇవాళ కొత్తగా రాసి ఏ సొసైటీలోనో చేరదామనుకుంటే ఆ ఆశ వదులుకోండి. జవాబులు ఎప్పుడో ఇంటర్నెట్‌కు ఎక్కాయి. ఇన్విజిలేటర్ లేని పరీక్షకు ఇది తప్పని గతి; పైన చెప్పిన గోళీల లెక్కను ఇప్పుడు ఐదు లైన్ల ప్రోగ్రామ్ చేసి పెడుతుంది. పిల్లల స్కూలుకో, వైద్య అవసరానికో ఐక్యూ రిపోర్టు కావాలంటే ఇది అసలే పనికిరాదు, క్లినికల్ సైకాలజిస్టు ఎదురుగా కూర్చుని పెట్టే పరీక్షే కావాలి. వెన్నెముకలో చలి పుట్టించే లెక్కలు, ఆకారాల చిక్కుముడులు ఇష్టమైతే రెండో సగం 24 ప్రశ్నలు తెచ్చుకుని నెల రోజులు నింపాదిగా చేయండి. మార్కు ఎంతొచ్చిందో 48 కి ఇంత అని రాసుకోండి. పట్టిక తీసి ఐక్యూగా మార్చాలనిపిస్తే 36 కింద ఆగండి, పక్కన అటూ ఇటూ 8 అని కూడా రాయండి.